కవర్లు తీయని ఇల్లు

ఏదో తప్పు జరిగిందంట. ఏం తప్పో మాత్రం చెప్పదు. తెర నిండా నీలం, మధ్యలో తెల్లగా ఇంగ్లీషులో ఒక ముక్క, దాని కింద దేవునికి కూడా అర్థం కాని ఒక నంబరు. మనం చదివేలోపల మన ముఖం మీదనే ఆరిపోతాది. నా బతుకంతా మిషన్లు విప్పినవాణ్ణి నేను. ఆయిలింజను చెడితే పొగ రంగు మార్చి చెప్తాది. బావి మోటారు కాలే ముందు వాసన పెట్టి చెప్తాది. రేడియో అయితే గొంతు బొంగురు చేసుకొని చెప్తాది. చదువూ సంధ్యా లేని ఆ ఇనుప ముక్కలకుండే మర్యాద, ప్రపంచమంతా నెత్తిన పెట్టుకొనే ఈ కంప్యూటరుకు లేకపాయె. కిటికీ అవతల కూర్చొని, "తప్పుండాది, పోయి మళ్ళీ రా" అని, ఏం తప్పని అడిగేలోపల తల దించేసుకొనే గుమాస్తా మాదిరి ఉండాది దీని యవ్వారం.

ఈ గలాటా అంతా మా కోడలు సుజాత పని కోసం పుట్టింది. పెండ్లయిన కొత్తలో ఆ పిల్ల ఈడ హోసూరులోనే ఒక ఎంబ్రాయిడరీ యూనిట్లో పని చేసేది. జాకెట్ చేతులకూ చీర అంచులకూ కుట్టే నెమళ్ళు, తీగలు, మామిడి పిందెలు ముందు కంప్యూటర్లో గీయాల. ఆ గీత పట్టుకొనే ఆడ పెద్ద మిషన్ల సూదులు నడుస్తాయి. బిడ్డ పుట్టినాక మానేసింది. ఇప్పుడు బిడ్డ బడికి పోతా ఉండాది కదా, ఇంటి నుంచే గీసి పంపమని ఆ యూనిట్ ఓనరమ్మ కబురు చేసింది. కబురుతో పాటు ఒక మెలిక కూడా పెట్టింది. సోమవారం పొద్దునకల్లా మొదటి డిజైను తనకు చేరాల. చేరకపోతే ఆ పని బాగలూరు దావలో ఉండే ఇంకొక పిల్లకు ఇచ్చేస్తాది. సుజాత పాత ల్యాప్‌టాప్ ఆ గీతల బరువు మోయలేదు. బిగించిన కంప్యూటరే కొనేద్దామని మావాడంటే నేనే అడ్డం పడినాను. "ఆ డబ్బాల్లో లోపల ఏం కూరినారో ఎవనికి తెలుసు? విడి సామాన్లు తెద్దాం, నేను బిగిస్తాను" అన్నాను. సుజాత నా పక్క చూసి మెల్లగా, "మామా, సోమవారం..." అనింది. "ఆదివారానికే నీ నెమలి పురి విప్పుతాదిలేమ్మా" అన్నాను. మాట అంటే అనేస్తాను నేను. నాకు ముందు నుంచీ ఉన్న జబ్బు అది.

గురువారం హాల్లో చాప పరిచి కూర్చున్నాను. అట్టపెట్టెలు విప్పుతా ఉంటే వచ్చే ఆ కొత్త వాసన, ప్లాస్టిక్కుదో బంకదో తెలియదు, నాకు ఈ వయసులో కూడా పండగ మాదిరే ఉంటాది. మదర్‌బోర్డు మీద ప్రాసెసరు కూర్చోబెట్టినాను. లెక్కలన్నీ చేసే చిప్పు అదే. దాని నెత్తిన కూలరు ఎక్కించాల. కూలరంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు, అల్యూమినియం రేకుల దిమ్మె, దానికి అంటుకొని ఒక ఫ్యాను. చిప్పుకు పుట్టే వేడిని దిమ్మె లాగుతాది, ఫ్యాను ఊదేస్తాది. ఆ దిమ్మె అడుగు అద్దం మాదిరి మెరుస్తా ఉండె, దానికొక సన్న ప్లాస్టిక్ కవరు. కంప్యూటరు డబ్బా పక్క అద్దానికొక కవరు. ముందర మూతకొక కవరు. సుజాత గోరు పెట్టి ఒక మూల లేపి, "ఈ కవర్లు పీకేద్దామా మామా?" అనింది. "ఉండనీమ్మా, కొత్త సామాను, గీతలు పడతాయి. ఉంటే మనకేం నష్టం" అని అన్నిటినీ అట్లే ఉంచి, చిప్పు మీద, వేడిని దిమ్మెకు అందించే పేస్టు రాసి, దిమ్మె పెట్టి, స్క్రూలు బిగించేసినాను. బిగించి మీసం కూడా దువ్వుకున్నాను.

మొదటి తప్పు తేలికగానే తేలింది. ఆపరేటింగ్ సిస్టం ఎక్కించిన పెన్ డ్రైవు గుచ్చితే కంప్యూటరు దాన్ని గుర్తే పట్టలేదు. సెట్టింగుల తెర తెరిచి, ముందు పెన్ డ్రైవు చూడు, తర్వాతనే తక్కినవి చూడు అని వరస మార్చినాను. రెండో తప్పు, యాడ ఎక్కించాలో అడిగే చోట డిస్కు ఒక్కటీ కనబడలేదు. విప్పి చూస్తే, వేలెడంత డిస్కు దాని గాడిలో సగమే దిగుండాది. ఒత్తి బిగించినాను. ఎక్కడం మొదలుపెట్టింది. సుజాతను పిలిచి చూపించినాను. తెర మీద శాతాలు ఎక్కతా ఉంటే ఇద్దరమూ నాటు వేసిన చేను చూసినట్టు చూస్తా కూర్చున్నాము. సగం దాటింది. తటాలున నీలం తెర. ఏదో తప్పు జరిగిందంట.

ఆడ నుంచి నా నెమ్మది పోయింది. మళ్ళీ మొదలుపెడితే ఈసారి సగానికి కూడా రాలేదు. ఇంకొకసారి పెడితే మొదట్లోనే కన్ను మూసింది. ప్రతిసారీ కొత్త నంబరు. ఫోన్లో ఆ నంబరు వెతికితే, ఎవడో ఒకడు నవ్వుతా వచ్చి అరగంట మాట్లాడి చివరకు మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యండి అంటాడు. చేస్తా ఉండాను కదరా అప్పా, అది కావడం లేదనే కదా నీ దగ్గరకు వచ్చింది! పెన్ డ్రైవు చెడిందేమోనని ఇంకొకటి తయారు చేసినాను. కరెంటు సరిగా లేదేమోనని వంటింటి ప్లగ్గుకు మార్చినాను. సెట్టింగుల తెరలో ఒక మూల ప్రాసెసరు వేడి ఎర్ర అంకెల్లో ఎక్కతా కనబడింది. కూలరు దిమ్మె మీద చెయ్యి పెట్టి చూసినాను. కడవ మాదిరి చల్లగా ఉండాది. అంత వేడుంటే ఈ దిమ్మె కాలద్దా? కొలిచేదే అబద్ధం చెప్తా ఉండాదని తీర్మానం చేసేసినాను. "మామా, కాలు ఆడించొద్దు, టేబులు అదురుతా ఉండాది" అనింది సుజాత. నేను ఆడిస్తున్నానని నాకే తెలియలేదు.

శనివారం మెమరీ కడ్డీలు విప్పి జేబులో వేసుకొని బస్సెక్కి క్రిష్ణగిరి పోయినాను. తప్పు వాటిలోనే ఉండాదని నా పట్టు. సామాన్లు అమ్మిన షాపువాడు వాటిని తన కంప్యూటర్లో పెట్టి పరీక్ష చేసి, తమిళంలో, "పెరియవరే, కడ్డీలు బంగారం మాదిరి ఉండాయి. బిగించిన చెయ్యి ఎవరిదో?" అని నవ్వినాడు. "నీ మాదిరి వందమందికి పని నేర్పిన చెయ్యిలే నాయనా" అని ఆ తమిళంలోనే బదులిచ్చి మెట్లు దిగినాను.  మళ్ళీ వెనక్కి పోయి, "అప్పా, మా కోడలి పని పోయేటట్టుంది, నువ్వే వచ్చి చూడు" అనుంటే ఆ పొద్దే తేలిపోయేదేమో. పోలేదు, బస్సు ఎక్కేసినాను. బస్సులో కిటికీ పక్క కూర్చొని, గురుబరపల్లి దాటినాక వచ్చే మామిడి తోటలు చూస్తా ఉంటే, ఆ తోటల నడుమ మా అమ్మ గుర్తుకొచ్చింది. ఎందుకొచ్చిందో అప్పుడు నాకు తెలియలేదు.

మాది డెంకణికోట అవతల అడవంచు పల్లె. ఇంట్లోకి అడుగు పెడితే ముందు రాగిపిండి వాసన, తర్వాత ఉడికే ఉలవల వాసన, చలికాలమైతే వాటన్నిటినీ మించి అనపకాయల సొన వాసన. ఆ అన్నిటి మీదా మా తాత పొగాకు వాసన. ఆయన మాట ఆ ఇంట్లో రాతిగోడ. ఆయనకొక నియమం ఉండె. కొత్తది కొత్తగానే ఉండాల. ఇంటికి వచ్చిన కొత్త వస్తువు ఏదైనా సరే, దాని కాగితం తీయకూడదు, దాని గడ్డి విదల్చకూడదు. గొడుగు కాగితం చుట్టుతోనే దూలానికి వేలాడేది. ఆయన మాత్రం జడివానలో గోనెసంచి మడిచి నెత్తిన వేసుకొని చేనికి పోయేవాడు. లాంతరు గాజు గడ్డిలోనే నిద్ర పోయేది. మేము బుడ్డీ దీపం పొగలో కండ్లు మంట పెట్టుకొని అన్నం తినేవాళ్ళం. సందెవేళ ఆయన ఇల్లంతా తిరిగి, ఒక్కొక్క మూటనూ గొడ్డును నిమిరినట్టు నిమిరి, లెక్క సరిగా ఉండాదని చూసుకొని, అప్పుడే అరుగు మీద కూర్చొని పొగాకు నలిచేవాడు. కరువులో పెరిగిన మనిషి. విప్పని వస్తువంటే గాదెలో గింజలున్నట్టే ఆయనకు. అది నాకు ఇప్పుడు అర్థమవుతాది. అర్థమయినంత మాత్రాన కోపం పోవాలని యాడుండాది?

ఆ ఇంట్లో తెచ్చిన వెంటనే విప్పేది ఒక్కటే, శెట్టి అంగడి పొట్లాలు. బెల్లమూ మిరపకాయలూ చుట్టి వచ్చే ఆ తెలుగు పేపరు ముక్కల మీదనే నేను చదువు నేర్చుకున్నాను. బడి మాన్పించి గొడ్ల వెనక తోలినారు నన్ను. పొట్లం కాగితం అమ్మ సాపు చేసి నాకిచ్చేది. ఏ కథకూ మొదలుండేది కాదు, ఏ వార్తకూ చివర ఉండేది కాదు, మిరప ఘాటుకు తుమ్ముతా చదివేవాణ్ణి.

అమ్మ పుట్టినూరు కల్లావి. పెండ్లికి ముందు ఆ ఊళ్ళో ఒక దర్జీ భార్య దగ్గర కాలితో తొక్కే కుట్టు మిషను నేర్చుకుంది. ఆ సంగతి తెలిసిన మా మేనమామ సేలంలో ఒక కొత్త మిషను కొని, బస్సు పైన కట్టి, బస్సు దిగినాక ఎద్దుల బండిలో వేసి మా ఇంటికి తెచ్చినాడు. "అక్కా, ఇంక మీ ఊరి ఆడోళ్ళు జాకెట్టు కుట్టించుకొనేదానికి డెంకణికోట పోవద్దు, అందరూ నీ గుమ్మం ముందరే" అన్నాడు. అమ్మ ముఖం ఆ పొద్దు చూసిన మాదిరి నేను మళ్ళీ చూడలేదు. తాత చెక్కపెట్టె మీద చెయ్యి పెట్టి, "బాగుండాది. లోపల పెట్టండి. పండక్కి తీద్దాం" అన్నాడు. పండగొచ్చింది. "పంట రానీ" అన్నాడు. పంట వచ్చింది. "చిన్నదాని పెండ్లికి" అన్నాడు. మా అత్త పెండ్లి కూడా అయిపోయింది. పెట్టె రాగుల మూటల పక్కన, దాని మీద గోనె, గోనె మీద ఒక పాత పంచె. అమ్మ ఎదురు చెప్పలేదు. ఆ కాలంలో ఆ ఇంట్లో కోడలు ఎదురు చెప్పేదనేది లేదు. శుక్రవారం శుక్రవారం పంచె లేపి చెక్కకు పసుపూ కుంకుమా పెట్టేది, అంతే. మధ్యాహ్నం కిటికీ కింద కూర్చొని చేత్తో చిరుగులు కుడతా ఉంటే మాత్రం, చీర కింద ఆమె కాలు నేల మీద ఆడతా ఉండేది. మడమ, వేళ్ళు, మడమ, వేళ్ళు. "కాలెందుకట్ల ఆడిస్తావు, ఇంటికి అరిష్టం" అని తాత అరుగు మీద నుంచి గద్దించేవాడు. కాసేపు ఆగేది. మళ్ళీ దానంతట అదే మొదలయ్యేది.

తాత పోయినాక, కర్మలన్నీ అయినాక, ఒక పొద్దు అమ్మ నన్ను పిలిచి, "విప్పుదాం రారా" అనింది. విప్పినాము. ఏముండాది లోపల? తుప్పు పట్టకూడదని కంపెనీవాళ్ళు పూసిన గ్రీజు అన్ని ఏండ్లకు రాయి మాదిరి గట్టిపడిపోయిండాది. చక్రం తిరగదు, సూది దిగదు. తోలు బెల్టు కాగితంలో ఉన్నట్టే ఉండి పగిలిపోయింది. కొత్తది కొత్తగానే చచ్చిపోయింది. నేను కిరసనాయిలు తెచ్చి, ఒక్కొక్క మరా విప్పి, నానబెట్టి, గుడ్డతో తుడిచి, ఎక్కించేది తెలియక ఏడ్చి, మళ్ళీ విప్పి, మళ్ళీ ఎక్కించినాను. నాకు మిషన్ల పని నేర్పింది ఆ కిరసనాయిలు పళ్ళెమే, ఇంకే గురువూ లేడు. తర్వాత డెంకణికోటలో అంగడి పెట్టుకొని నేను బాగు చేసిన మోటార్లూ రేడియోలూ అన్నీ దాని బిడ్డలే. మిషను తిరిగింది. అమ్మను తెచ్చి కూర్చోబెట్టినాను. అప్పటికి ఆమెకు చూపు బాగా తగ్గిపోయింది. సూదిలో దారం ఎక్కించబోయి, ఎక్కించబోయి, చెయ్యి దించేసింది. లేచి గోడకు ఆనుకొని కూర్చొని, "నువ్వు తొక్కు నాయనా, నేను ఇంటాను" అనింది. దారం లేని మిషను నేను తొక్కితే, కండ్లు మూసుకొని ఆమె వినింది. ఆ చప్పుడు ఎంతసేపు వినిందో. చాలని ఆమె చెప్పలేదు, నేనే ఆపినాను.

బస్సు దిగి ఇంటికొచ్చి కడ్డీలు మళ్ళీ బిగించినాను. మళ్ళీ అదే నీలం. ఆదివారం పొద్దున సుజాత దోసెలు పోస్తా ఉండాది, నేను హాల్లో ఈ గోడకూ ఆ గోడకూ తిరగతా ఉండాను. మావాడు షిఫ్టుకు పోతా, "నాయనా, ఆ ఓనరమ్మకు ఫోన్ చేసి కాదని చెప్పేసేది మేలు" అనేసి పోయినాడు. సుజాత ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే నన్ను కోసింది. అట్ల ఏమీ అనకుండా ఉండే ఒక మనిషిని నేను ముందే చూసినాను కదా.

గరిటె చేతిలో పట్టుకొనే హాల్లోకి వచ్చింది. "మామా, ఒక మాటంటాను, కోప్పడొద్దు."

"నాకేం కోపం, చెప్పు" అని కోపంగానే అన్నాను.

"పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొదలుపెడితే సగం దాకా పోతాది. నిలిచిపోయిన వెంటనే మళ్ళీ పెడితే మొదట్లోనే పోతాది. నిన్న మీరు క్రిష్ణగిరి పోయొచ్చినాక పెట్టినారు చూడండి, మళ్ళీ సగం దాకా పోయింది. ఇది వేడి యవ్వారం కాదా?"

"వేడి లేదమ్మా. దిమ్మె ముట్టుకో, చల్లగా ఉండాది. ఆ ఎర్ర అంకెలు వట్టి అబద్ధం."

సుజాత ముట్టుకొని చూసింది. నా పక్క తిరిగి, "మామా, పొయ్యి మండతా ఉండి పెనం చల్లగా ఉంటే, పొయ్యి అబద్ధం చెప్తా ఉండాదంటామా? పెనానికీ పొయ్యికీ మధ్యలో ఏదో అడ్డం ఉండాదంటాం" అనింది.  వేడెక్కితే బిగుసుకొని, చల్లారితే మళ్ళీ తిరిగే ఇంజన్లు ఎన్ని చూసినాను! వాటి ముందర నేను ఎన్నడూ ఈ మాదిరి మొండికేయలేదు. "నేను చెప్పిందాంట్లో తప్పుంటే క్షమించండి" అని ఇంకా ఏదో అంటా ఉండాది. "తప్పు నీది కాదు. స్క్రూడ్రైవరందుకో" అన్నాను.

దిమ్మె లేపినాను. అడుగున పేస్టు, పేస్టుకు పైన, మెరుస్తా, గీత ఒక్కటి కూడా పడకుండా, ఆ సన్న ప్లాస్టిక్ కవరు. వేడికి అంచులు మాత్రం ముడతలు పడి గోధుమ రంగుకు తిరిగిండాయి. మూలలో చిన్న ఇంగ్లీషు అక్షరాలు, బిగించే ముందు తీసేయమని. పొట్లం కాగితాల మీద చదువుకున్నవాణ్ణి, ఏ కాగితం కనబడినా చదవకుండా పడేయనివాణ్ణి, ఆ అక్షరాలు చదవలేదు. చదివే పని లేదు కదా, కవరు తీయకూడదని నాకు ముందే తెలుసు. ఎవరు చెప్పినారు? గోనెసంచి నెత్తిన వేసుకొని వానలో పోయే ఆ ముసలాయన చెప్పినాడు. ఆయనను నా నోటితో ఎన్నిసార్లు తిట్టినాను! ఆయన మాత్రం చప్పుడు లేకుండా వచ్చి నా చేతివేళ్ళలో కూర్చున్నాడు. సుజాత నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. "గీతలు మాత్రం పడలేదు మామా" అనింది.

అప్పట్లో వస్తువుకు కరువు. కరువులో దాచుకున్నారంటే దానికొక అర్థముండాది. ఇప్పుడేం రోగం మనకు? మా వీధిలో కొత్త కారు కొన్న మనిషి సీట్ల ప్లాస్టిక్కు మీదనే చెమటలు కారుస్తా కూర్చుంటాడు. ఫోనుకొక అద్దం, ఆ అద్దానికొక అద్దం, మొత్తానికొక రబ్బరు చొక్కా. ఎవరి కోసం దాస్తా ఉండాం? వస్తువును కాపాడతా ఉండామనుకుంటాం గానీ, దానితో పని చేసుకోవాల్సిన మనిషి పక్కన నిలబడి చూస్తా ఉంటే మనకు కనబడదు. మా తాతకు కనబడలేదు. మూడు పొద్దులు నాకూ కనబడలేదు.

పాత పేస్టు తుడిచి, కొత్తగా రాసి, దిమ్మెను చిప్పుకు తాకించి బిగించినాను. ఈసారి ఎర్ర అంకెలు లేవు. దిమ్మె మీద చెయ్యి పెడితే వెచ్చగా, పాలచెంబు మాదిరి. శాతాలు ఎక్కినాయి, సగం దాటినాయి, నేను ఇంక తెర చూడలేక పెరట్లోకి పోయినాను. లోపల నుంచి సుజాత కేకేసింది, ఎక్కేసిందని. ఆమె కూర్చొని ఆ పక్క అద్దం కవరూ, మూత కవరూ ఒక్కొక్కటిగా లాగేస్తా ఉండాది. బర్రున వచ్చే ఆ చప్పుడుకు నాకు ఇప్పటికీ పండ్లు జివ్వుమంటాయి. నోరు తెరవలేదు. మెచ్చుకోవాల నన్ను దానికి.

మధ్యాహ్నం నుంచి గీయడానికి కూర్చుంది. జాకెట్ చేతికి నెమలి, దాని చుట్టూ తీగ. "మామా, వచ్చి చూడండి, తోక ఎట్లుండాదో" అని పిలిచింది. నేను గుమ్మం అవతల గోడకు ఆనుకొని కూర్చున్నాను. లోపల మౌసు టకటక, దాని వెనక ఫ్యాను సన్నని గాలి. ఆ చప్పుడు వదిలి లేవబుద్ధి కాలేదు నాకు. "నువ్వు చెయ్యమ్మా, నేను ఇంటా ఉండాను" అన్నాను. ఆ మాట నోటి నుంచి వచ్చినాక, అది ఎవరి మాటో తెలిసి కాసేపు కండ్లు మూసుకున్నాను. ఆ పొద్దు మా అమ్మ విన్న మిషన్లో దారం లేదు. ఈ పొద్దు ఉండాది.